బాక్టీరియాకు వండిపెట్టే ఆవిడ

ఆమెను ఆ పరిశోధనా సంస్థలో అందరూ వంటావిడ అనేవారు. ఆ పేరు పెట్టింది బాక్టీరియా ల్యాబ్ నడిపే పెద్దసారు. అంతటి హాస్యం ఇంకెవరివల్లా కాదని ఆయన గట్టి నమ్మకం. ఎవరు అతిథిగా వచ్చినా ఆమె గది గుమ్మం దగ్గర ఆపి, "ఇదిగో, మా బాక్టీరియాకు వండిపెట్టే ఆవిడ. మనకు మాత్రం కాఫీ కూడా పొయ్యదు" అనేవాడు. ముందు తనే నవ్వి, వాళ్లు కూడా నవ్వేదాకా అక్కడే నిలబడేవాడు. పంతొమ్మిదేళ్లలో ఆ జోకులో ఒక్క అక్షరం మారలేదు.

జోకు సంగతి ఎలా ఉన్నా ఆమె పని మాత్రం నిజంగా అదే. పై మూడు అంతస్తుల్లోనూ పరిశోధకులు పెంచే బాక్టీరియాకు తిండి కింద ఆమె గదిలో తయారయ్యేది. దాన్ని మీడియా అంటారు. ఈస్ట్ పొడి, మాంసకృత్తుల పొడి, చక్కెర, ఉప్పు తూకం వేసి, నీళ్లలో కలిపి, ఫ్లాస్కుల్లో పోసి, మూతికి దూది బిరడా బిగించి, ఆవిరి యంత్రంలో పెట్టి శుభ్రం చేసేది. గదిలో రెండు స్టీలు తొట్లు, ఒక త్రాసు, గోడ పొడవునా పొడుల డబ్బాలు, ఆటోక్లేవ్ అనే ఆ ఆవిరి యంత్రాలు నడుమెత్తువి రెండు. కిటికీ ఉండేది గానీ దానికి అడ్డంగా ఎప్పుడో ఎవరో పాత ఫ్రిజ్ పెట్టారు. తీయమని ఆమె ఎన్నిసార్లు అడిగినా అది తన శాఖ కాదని ప్రతి శాఖా జవాబిచ్చింది.

నేను ఆ సంస్థలో యంత్రాలు బాగుచేసేవాణ్ణి. అందుకే ఈ కథ నాకు తెలుసు. ఇందులో నా నిర్వాకం కూడా కొంత ఉంది. దాన్నీ దాచను.

ఆమె పదో తరగతి చదివి, ఇరవై మూడేళ్ల వయసులో గాజు సామాను కడిగే పనిలో చేరింది. అప్పటి మీడియా మనిషి రిటైరయితే, కొత్తవాళ్లు వచ్చేదాకా రెండు వారాలు చూసుకోమన్నారు. ఆ రెండు వారాలు ఇరవై నాలుగేళ్లయ్యాయి. కాగితాల మీద ఆమె హోదా మాత్రం చివరిదాకా గాజు సామాను కడిగే సహాయకురాలే. ఆ మాట మార్చాలంటే ముగ్గురు సంతకాలు పెట్టాలి. మీడియా లేకపోతే ఒక్కపూట గడవని ముగ్గురు మేధావులకు ఇరవై నాలుగేళ్లలో ఆ తీరిక దొరకలేదు.

చేరిన కొత్తలో ఒకసారి మీడియా పాడై, నేరం ఆమె మీద పడింది. తన తప్పు కాదని ఆమెకు తెలుసు గానీ చూపించడానికి ఆధారం లేదు. ఆ రోజు నుంచి పొడుగాటి నోటుబుక్కులో ప్రతిదీ రాయడం మొదలుపెట్టింది. ఏ తేదీన ఏ డబ్బాలోంచి తీసింది, ఏ యంత్రంలో ఎన్ని నిమిషాలు ఉంచింది, బయటికి తీసినప్పుడు రంగు ఎలా ఉంది, ఏ ఫ్లాస్కు ఎవరికి వెళ్లింది. అవన్నీ ఎందుకని ఎవరైనా నవ్వితే, "నా నోటికంటే నా చేతిరాతకు విలువెక్కువ ఇక్కడ" అనేది.

ఇక పెద్దసారు. ఆయన తన చేత్తో బాక్టీరియా పెంచే ప్లేటు ముట్టుకుని పదిహేనేళ్లు దాటింది. తెల్లకోటు ఫోటోగ్రాఫరు వచ్చిన రోజు మాత్రం తొడుక్కునేవాడు. ఇస్త్రీ మడత చెదరకుండానే అది మళ్లీ కొక్కేనికి చేరేది. ఆయన పేరు మోగింది ఒకే ఒక్క సంగతి మీద. యాంటీబయాటిక్ వేస్తే బాక్టీరియా చచ్చిపోవాలి. కానీ కొన్ని చావవు. అవి మందును ఎదిరించడం నేర్చినవి కావు. మందు ఉన్నంతసేపూ కదలకుండా పడుండి, అది పోయాక లేచి మళ్లీ పెరుగుతాయి. అలా ఎందుకు బతుకుతున్నాయో తాను కనిపెట్టానన్నాడు పెద్దసారు. వాటిలో ఒక జన్యువు ఉందట, అదే వాటిని కాపాడుతోందట. దానికి మొండి జన్యువు అని పేరు పెట్టాడు. ఆ పేరులో తన ఇంటిపేరు మొదటి అక్షరం కూడా ఇరికించాడు. దాంతో సభలు, పిలుపులు, గోడ మీద ఫ్రేములు.

ఆ సమయంలోనే ఒక కొత్త పరిశోధక విద్యార్థిని చేరింది. రోజంతా ప్లేట్ల మీద మొలిచిన బాక్టీరియా చుక్కలు లెక్కపెడుతూ ఉండేది కాబట్టి చుక్కలమ్మాయి అనేవాళ్లం. పెద్దసారు ఫలితాన్ని మళ్లీ చేసి చూపించి, ఆపైన ముందుకు వెళ్లాలి. అదీ ఆమె పని. ఏడాదిన్నర చేసింది. ఒక వారం మొండి జన్యువు ఉన్నవి వేలల్లో బతికేవి. మరుసటి వారం అవే అన్నీ చచ్చేవి. ఇంకో వారం ఆ జన్యువు తీసేసినవి కూడా హాయిగా బతికేవి.

సోమవారం సోమవారం మీటింగు. ఆ గదిలోనే గోడ మీద ప్రొజెక్టరు బాగుచేస్తూ నేను ఒకసారి విన్నాను.

"మళ్లీ రాలేదా?" అన్నాడు పెద్దసారు.

"లేదు సార్. ఒక్కో వారం ఒక్కోలా వస్తోంది."

"బాక్టీరియాకు వారాలు తెలుసా అమ్మా? తేడా వాటిలో లేదు, నీ చేతుల్లో ఉంది. వచ్చే నెల నేను సభలో మాట్లాడాలి. నీ చేతులు బాగుపడేదాకా ఆగమని వాళ్లకు రాయనా?"

పదకొండు మంది చదువుకున్నవాళ్లు ఆ గదిలో ఉన్నారు. ఇద్దరు పెన్నుల మూతలు పెట్టి తీశారు. ఒకాయన సారు చమత్కారానికి నవ్వాడు కూడా. ఆ నవ్వినాయనే తరువాత వరండాలో అమ్మాయిని ఓదార్చాడు. ఎవరూ చూడటం లేదని రెండువైపులా చూసుకుని మరీ.

అమ్మాయి ఏడవడానికి వెళ్లింది మీడియా గదికి. ఆవిరి యంత్రం చప్పుడులో ఏడుపు వినపడదు కాబట్టి ఆ సంస్థలో ఏడ్చేవాళ్లంతా అక్కడికే వెళ్లేవాళ్లు. వంటావిడ ఆమెను స్టూలు మీద కూర్చోబెట్టి మొహం కడుక్కోమంది. తరువాత అడిగింది. "అమ్మాయ్, నాకొకటి చెప్పు. మా చెల్లెలికి మూత్రంలో ఇన్ఫెక్షను మూడోసారి తిరగబెట్టింది. ఆ మందు దానిమీద బాగానే పనిచేస్తుందని టెస్టులో వచ్చింది. మరి చావదేం?"

ఆ చెల్లెలు వాళ్లింట్లోనే ఉండేది. ఇంట్లో ముగ్గురు. వంటావిడ, గడియారాలు బాగుచేసే మొగుడు, ఈ చెల్లెలు. చెల్లెలు బాధ పడుతుంటే చూడలేక ఆమె కొన్నాళ్లుగా ఈ ప్రశ్నను లోలోపల తిప్పుకుంటూ ఉంది. పైన మూడు అంతస్తుల నిండా ఆ విషయం మీదే బతుకుతున్న నిపుణులున్నారు. వాళ్లలో ఒకరిని అడగవచ్చని ఆమెకు తోచడానికి ఒక ఏడుపు కావలసి వచ్చింది.

"కారణాలు చాలా ఉంటాయక్కా, మీ చెల్లెలి విషయం డాక్టరే చెప్పాలి" అంది అమ్మాయి ముక్కు తుడుచుకుంటూ. "మేం పని చేసే మందు సంగతి చెప్తాను. బాక్టీరియా పెరిగేటప్పుడు తన చుట్టూ గోడ కట్టుకుంటుంది. ఈ మందు ఆ కట్టడాన్ని చెడగొడుతుంది. అప్పుడది పగిలి చస్తుంది."

"కట్టడమే మానేస్తే?"

"మానేస్తే మందు ఏం చెయ్యలేదు."

"ఎందుకు మానేస్తుంది?"

"చాలా వాటివల్ల. తిండి అయిపోయినా మానేస్తుంది."

వంటావిడ చేతిలోని ఫ్లాస్కు తొట్టిలో పెట్టేసింది. తరువాత, "నీకు బాగా బతికిన వారాలేవి? తేదీలు చెప్పు" అంది.

ఇక్కడ నా సంగతి చెప్పాలి. రెండేళ్ల కిందటి నుంచి ఆమె నాతో అంటూనే ఉంది. "తమ్ముడూ, రెండో మిషన్లోంచి వచ్చే మీడియా రంగు తేడాగా ఉంది. ఒకటో దాంట్లోది లేత తేనెలా వస్తుంది. దీంట్లోది మాడిన చక్కెరలా ఉంది." ఆరు నెలలకోసారి యంత్రంలో విడిగా ఒక థర్మామీటరు పెట్టి, లోపలి వేడి నిజంగా ఎంతుందో చూసి, సరిగ్గా ఉందని చీటీ అతికించడం నా పని. దానికి సగం రోజు పడుతుంది. నేను డయల్ చూసి చీటీ అతికించేవాణ్ణి. ఒకసారి కాదు, అయిదుసార్లు. ఆమె మూడోసారి అడిగినప్పుడు, "డయల్ ఉండాల్సిన నూట ఇరవై ఒక్క డిగ్రీలే చూపిస్తోంది కదక్కా. రంగు చూసి రిపేరు చెయ్యడం నాకు నేర్పలేదు" అని వెటకారంగా అన్నాను. ఆమె నా మాటను కూడా తేదీ వేసి నోటుబుక్కులో రాసుకుంది. పెద్దసారును చూసి నవ్వుతాను గానీ, నేనూ ఆ బడిలోవాణ్ణే.

రెండు రోజులు వాళ్లిద్దరూ ఆ నోటుబుక్కునూ అమ్మాయి రికార్డులనూ పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నారు. బాక్టీరియా బాగా బతికినప్పుడు దాదాపు ప్రతిసారీ ఫ్లాస్కు రెండో యంత్రంలోది. చచ్చినప్పుడు ఒకటో దానిలోది. ముప్ఫై నాలుగు ప్రయోగాల్లో ఈ లెక్కకు పొసగనివి రెండే. వంటావిడ అంతటితో ఆగలేదు. పెద్దసారుకు పేరు తెచ్చిన అసలు ప్రయోగం చేసిన పాత విద్యార్థి తేదీలు కూడా తిరగేసింది. జన్యువు ఉన్నవాటిని పరీక్షించిన నెలంతా ఆ అంతస్తుకు మీడియా రెండో యంత్రం నుంచే వెళ్లింది. జన్యువు లేనివాటి వంతు వచ్చేసరికి అది ఆవిరి కారుతూ ఆగిపోయి ఉంది. అన్నీ ఒకటో దానిలో వండినవే. లోకమంతా చప్పట్లు కొట్టిన తేడా ఆ రెండు ఆవిరి డ్రమ్ముల మధ్య తేడా అయ్యుండవచ్చు.

ఇద్దరూ కలిసి పెద్దసారు గదికి వెళ్లారు. ఆయన కుర్చీలోంచి లేవలేదు, కూర్చోమనీ అనలేదు. అమ్మాయి చెప్పింది విన్నాడు. వంటావిడ నోటుబుక్కు తెరిచి బల్ల మీద పెట్టబోతే, చేత్తో ఆగమన్నాడు.

"అయితే వంటగదిలోంచి సిద్ధాంతాలు కూడా రావడం మొదలైందన్నమాట."

"సిద్ధాంతం కాదు సార్. మాడిన తిండి పెడితే సగంలోనే అయిపోతోంది, అవి ఆకలితో పడుకుంటున్నాయి. పడుకున్నవాటిని ఈ మందు ముట్టుకోదు. జన్యువు ఉన్నా లేకపోయినా అంతే అనిపిస్తోంది."

"అనిపిస్తోందా? ఎంతవరకు చదివావమ్మా నువ్వు?"

"పదో తరగతి సార్."

"మరి నేను?"

"మీరు చాలా చదివారు సార్. ఇది కూడా చదవండి" అంటూ నోటుబుక్కు ఆయన వైపు జరిపింది.

ఆయన దాన్ని వేలి కొసతో వెనక్కి తోశాడు. నాలుగు వారాల్లో సభ. ఉపన్యాసం కోసం మొండి జన్యువు బొమ్మ ఏడు రంగుల్లో గీయించి ఉంచాడు. అంత అందమైన బొమ్మను ఒక ఆవిరి డ్రమ్ము కోసం ఎవరు పోగొట్టుకుంటారు?

ఆ రోజు సాయంత్రం ఆమె నా వర్క్‌షాపుకు వచ్చి గుమ్మంలో నిలబడింది. తిట్టలేదు. "తమ్ముడూ, రేపు ఆ థర్మామీటరు పెట్టి చూస్తావా?" అంది అంతే. తిట్టి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను. మరునాడు పెట్టాను. డయల్ నూట ఇరవై ఒకటి దగ్గర ఉంటే లోపల నూట ముప్ఫై ఉంది. పైగా టైమరు ఇరవై నిమిషాలకు ఆగాల్సింది, కొన్నిసార్లు నలభై దాకా లాగుతోంది. చక్కెరా, మిగతా పోషకాలూ అందులో మాడక ఏమవుతాయి? ఆ అంకెలు కాగితం మీద రాసి, కింద సంతకం పెట్టి, ఇంతకుముందు అయిదుసార్లు చూడకుండా చీటీ అతికించానని కూడా రాశాను.

వంటావిడా అమ్మాయీ ప్రయోగం చేశారు. అదేమంత పెద్దది కాదు. ఒక రకం ఫ్లాస్కుల్లో మంచి మీడియా. రెండో రకంలో మాడినది. మూడో రకంలో అదే మాడినది, కానీ వేడి తగలకుండా సన్నటి జల్లెడలో వడకట్టి శుభ్రం చేసిన చక్కెర, పోషకాలు తిరిగి కలిపినది. అన్నిటిలోనూ జన్యువు ఉన్న బాక్టీరియా, తీసేసిన బాక్టీరియా విడివిడిగా పెంచి, అయిదు గంటలు మందులో ఉంచి, ప్లేట్ల మీద పోశారు. ఏ ఫ్లాస్కులో ఏముందో అమ్మాయికి తెలియకుండా వంటావిడే గుర్తులు వేసింది.

"నీకు తెలిస్తే నువ్వు కోరుకున్నదే కనిపిస్తుంది" అంది.

"ఇది మీకెవరు చెప్పారక్కా?"

"ఇరవై నాలుగేళ్లుగా పైవాళ్లను చూస్తున్నాను కదా."

మంచి మీడియాలో లక్షకు మూడు బతికాయి. మాడినదానిలో లక్షకు తొమ్మిది వందలు. పోషకాలు తిరిగి కలిపితే మళ్లీ ఏడుకు పడిపోయింది. జన్యువు ఉన్నా లేకపోయినా అంకెలు ఇంచుమించు అవే. బతికినవాటిని మళ్లీ మంచి మీడియాలో పెంచి అదే మందు వేస్తే మిగతావాటిలాగే చచ్చాయి. మూడుసార్లు చేశారు, మూడుసార్లూ అంతే. మొండి జన్యువు పాపం ఏ పాపమూ ఎరగదు.

ఆ రోజు వంటావిడ ఇంటికెళ్లి చెల్లెలికి చెప్పిందట. చెల్లెలు ఎగిరి గంతేసి, "అయితే అక్కా, నేను గుప్పెడు చక్కెర తింటే తగ్గిపోతుందా?" అందట.

"ఫ్లాస్కు వేరు, నీ ఒళ్లు వేరు. నోరు మూసుకుని డాక్టరు చెప్పినన్ని రోజులూ మాత్రలు వేసుకో. రెండు రోజులకు తగ్గిందని సగంలో మానేసింది నువ్వే కదా" అందట ఆమె. మొగుడు గడియారంలోంచి తల ఎత్తకుండానే నవ్వాడట.

ఫలితాలు చూసిన పెద్దసారు మూడు రోజులు గది తలుపు వేసుకుని కూర్చున్నాడు. నాలుగో రోజు మీటింగులో కొత్త మొహంతో వచ్చాడు. "పోషకాల సంగతి చూడాలని నేను మొదటి నుంచీ అంటున్నాను" అన్నాడు. పదకొండు తలలూ ఊగాయి. పరిశోధన పత్రంగా రాసేసరికి నా చెడిపోయిన యంత్రం 'నియంత్రిత ఉష్ణ ప్రక్రియ' అయింది. నా నిర్లక్ష్యం 'ప్రయోగ రూపకల్పన' అయింది. పేర్లలో మొదట పెద్దసారు, తరువాత డైరెక్టరు, తరువాత ఒక్కసారి కూడా ఆ అంతస్తు ఎక్కని ఇంకొకాయన, నాలుగో చోట అమ్మాయి. చివర కృతజ్ఞతల్లో 'మీడియా విభాగానికి' అని ఉంది. పాత ఫలితం తప్పని ఎక్కడా లేదు. 'మరింత లోతుగా అర్థమైంది' అని ఉంది. నేను ఒప్పుకుంటూ రాసిన కాగితం పెద్దసారుకు చూపిస్తే, "అదేం అక్కర్లేదయ్యా, చించెయ్" అన్నాడు. నాకు శిక్ష తప్పింది. అలా తప్పించుకున్నందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

కొన్ని నెలలకు సంస్థ పనితీరు చూడటానికి ముగ్గురు పరిశీలకులు వచ్చారు. వాళ్లలో ఒకామె పెద్దావిడ, ఇదే విషయం మీద నలభై ఏళ్లు పనిచేసిన మనిషి. ప్రొజెక్టరు చూసుకోవడానికి నేనూ ఆ హాల్లో ఉన్నాను. పెద్దసారు రంగుల బొమ్మలన్నీ అయిపోయాక ఆవిడ చెయ్యెత్తింది.

"ఈ ఉష్ణ ప్రక్రియ మా ల్యాబ్‌లో చేసి చూడాలనుకుంటున్నాను. ఎంత వేడి, ఎన్ని నిమిషాలు? ఈస్ట్ పొడి ఏ రకం వాడారు?"

పెద్దసారు తెర వైపు చూశాడు, కాగితాల వైపు చూశాడు, డైరెక్టరు వైపు చూశాడు. "అవన్నీ చిన్న చిన్న వివరాలు" అన్నాడు.

"నేను అడిగింది ఆ చిన్న వివరాలే."

చివరికి కింద నుంచి వంటావిడను పిలిపించారు. ఆమె తడి చేతులు ఆప్రాన్‌కు తుడుచుకుంటూ, నోటుబుక్కు చంకలో పెట్టుకుని వచ్చింది. అడిగినదానికల్లా తేదీలతో సహా జవాబు చెప్పింది. నూట ముప్ఫై డిగ్రీలు ఎందుకు పెట్టాలనుకున్నారని పెద్దావిడ అడిగింది.

"ఎవరూ అనుకోలేదమ్మా. మిషను చెడిపోయింది" అంది వంటావిడ. "ఈ అమ్మాయీ నేనూ లెక్కలు సరిచూస్తే బయటపడింది. మొదట సారుకు చెప్తే వద్దన్నారు."

పెద్దసారు పెద్దగా నవ్వాడు. "మా వంటావిడ సరదా మనిషి. బాక్టీరియాకు వండిపెడుతుంది, మనకు మాత్రం కాఫీ కూడా..."

ఆ హాల్లో మొట్టమొదటిసారి ఆ జోకుకు ఎవరూ నవ్వలేదు. మిషను తప్పు నాదని నేను లేచి నిలబడి చెప్పాను. చించెయ్యమన్న కాగితం ఇంకా నా దగ్గరే ఉందని కూడా చెప్పాను.

పెద్దావిడ భోజనానికి వెళ్లలేదు. మీడియా గదిలో స్టూలు మీద కూర్చుని రెండు గంటలు ఆ నోటుబుక్కు చదివింది. మధ్యలో ఒకసారి తల ఎత్తి, "ఇలాంటి రికార్డు మా దగ్గర కూడా లేదు" అంది. వంటావిడ, "మీ మీద నేరం మోపేవాళ్లు ఉండి ఉండరమ్మా" అంది.

ఆ తరువాత పెద్దసారు ఏదో అయిపోయాడని అనుకుంటే పొరపాటే. అలాంటివాళ్లకు ఏమీ కాదు. పరిశీలకులు పట్టుబట్టాక శాస్త్ర పత్రికలో సవరణ అచ్చయింది, చిన్న అక్షరాల్లో. పాత ఫలితం వెనక్కి తీసుకున్నారు. పెద్దసారు పొరపాటును ధైర్యంగా ఒప్పుకున్న శాస్త్రవేత్తగా ఇంకో రెండు సభలకు వెళ్లొచ్చాడు. నాకు ఏడాదిపాటు జీతం పెంపు ఆపేశారు, అది న్యాయమే. కొత్త పత్రంలో మాత్రం అమ్మాయి పేరు మొదట వచ్చింది. రెండో పేరు వంటావిడది. పేరు పక్కన హోదా రాసే చోట ఆమెకు ఏం రాయాలో సంస్థకు తెలియక ఖాళీగా వదిలేశారు.

చదువు పూర్తయ్యాక అమ్మాయికి పక్క వీధిలోని ఇంకో పరిశోధనాలయంలో ఉద్యోగం వచ్చింది. మీడియా మనిషిగా తనకు వంటావిడే కావాలని పట్టుబట్టి ఆమెను తనతో తీసుకెళ్లింది. అక్కడ గదికి వెలుతురు ఉంది. గుమ్మం మీద ఆమె పేరూ, కింద 'మీడియా విభాగం అధిపతి' అనీ ఉంది. ఆ బోర్డు బిగించింది నేనే. సెలవు పెట్టి వెళ్లాను.

ఆమె వెళ్లే రోజు సామాను మోయడానికి నేనూ వెంట ఉన్నాను. మెట్ల దగ్గర పెద్దసారు ఎదురయ్యాడు. రెండు చేతులూ చాచి, "నీ పేరు చూశానమ్మా, చాలా సంతోషం. మన ల్యాబ్ పేరు నిలబెట్టావు" అన్నాడు.

ఆమె చంకలోని డబ్బా కింద పెట్టలేదు. "సార్, నా పేరేంటో చెప్పండి" అంది.

ఆయన నోరు తెరిచాడు. పంతొమ్మిదేళ్లుగా వంటావిడా అని తప్ప పిలవని మనిషి ఇప్పుడెక్కడి నుంచి తెస్తాడు? ఇంతలో ఫోను మోగితే, బతికానన్నట్టు దాన్ని చెవికి ఆనించుకుని పక్కకు తిరిగాడు. ఆమె నవ్వలేదు, కోపం కూడా తెచ్చుకోలేదు. డబ్బాను ఇంకో చంకకు మార్చుకుని, "పద తమ్ముడూ, నోటుబుక్కులు ఇంకా కట్టాలి" అంటూ మెట్లు దిగింది.